చిన్నాన్న గిటార్‌కి ఏం చేయించాలి? పాత గిటార్‌ని బాగుచేసే దారుల్లో ఏది ఎప్పుడు

మా చిన్నాన్న ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసే రోజుల్లో కలకత్తాలో కొన్న గిటార్ అది. ఆయన రిటైరై విజయనగరం వచ్చేశాక పదిహేనేళ్లు బీరువా మీదే ఉండిపోయింది. పోయిన దసరాకి నేను వెళ్లినప్పుడు గుడ్డసంచి విప్పి నా చేతిలో పెట్టాడు. రెండు తీగలు తెగిపోయాయి. మిగతా నాలుగింటి మీద వేలు పెట్టి జరిపితే ఇటుకపొడిలా తుప్పు అంటుకుంది. "దీన్ని ఏం చేస్తావో నాకు తెలీదురా, మోగాలి అంతే" అన్నాడు.

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఖరగ్‌పూర్ వెళ్లి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. అలా రైలెక్కి వచ్చిన గిటార్లు, చర్చిలో వాయించి పక్కన పెట్టినవి, కాలేజీ రోజుల్లో కొని ఉద్యోగం రాగానే అటక ఎక్కించినవి మా వైపు ఇళ్లలో ఇంకా కనిపిస్తాయి. పదేళ్లుగా నావీ, మా చుట్టాలవీ ఇలాంటివి బాగుచేస్తున్నాను. అందరూ మొదట అడిగేది ఒకటే: "దీనికి ఏం వేయిస్తే బాగుంటుంది?" పికప్ (గిటార్ శబ్దాన్ని స్పీకరుకి పంపే పరికరం) పెట్టించాలా, శ్రుతి చేసే కీలు కొత్తవి బిగించాలా, రంగు వేయించాలా అని.

నేనైతే రెండు ప్రశ్నలు అడుగుతాను. దీన్ని వాయించనివ్వకుండా ఆపుతున్నది ఏది? మీరు చేయించబోయే పని నచ్చకపోతే మళ్లీ వెనక్కి తీసుకోగలరా? ఈ రెండూ తేలితే చాలాసార్లు ఎంపిక దానంతటదే తేలిపోతుంది. మూడొంతుల గిటార్లకి కొత్త భాగాలేవీ అక్కర్లేదని కూడా తెలిసిపోతుంది.

డబ్బు తీసే ముందు పది నిమిషాలు

పాత గిటార్‌లో మొదట చూడాల్సింది మెడ. గిటార్‌ని తుపాకీలా కంటికి ఎత్తి, తల వైపు నుంచి బ్రిడ్జి వైపు (బాడీ మీద తీగలు ఆనే చెక్కదిమ్మ) చూడండి. రెండు అంచులూ ఒకే తీరుగా పోవాలి. ఒక అంచు లేచి, ఇంకో అంచు దిగితే మెడ మెలితిరిగినట్టు. అది నయమయ్యే రోగం కాదు. మెలిక లేకపోతే లావు తీగని మొదటి ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) దగ్గరా, మెడ బాడీలో కలిసే ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కి పట్టుకోండి. ఇప్పుడు ఆ తీగే మీకు స్కేలు. ఏడో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య విజిటింగ్ కార్డు దూరేంత, అంటే 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే మెడ బాగున్నట్టే. బైక్ మెకానిక్ దగ్గర ట్యాపెట్లు సరిచేసే ఫీలర్ గేజ్ ఉంటుంది, కాసేపు అడిగి తెచ్చుకుంటే కచ్చితంగా కొలవొచ్చు.

తర్వాత పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎంత ఎత్తులో ఉందో కొలవండి. దీన్నే యాక్షన్ అంటారు. స్టీల్ తీగల అకౌస్టిక్ గిటార్‌కి లావు తీగ కింద 2.5 మిల్లీమీటర్లు, సన్న తీగ కింద 2 మిల్లీమీటర్లు ఉంటే చేతికి హాయి. చిన్నాన్న గిటార్‌కి 4 వచ్చింది. ఆ ఎత్తులో ఎఫ్ కార్డు (ఒకే వేలితో తీగలన్నీ నొక్కే పట్టు) పట్టుకోమంటే ఎవరి వేళ్లైనా నొప్పెడతాయి. గిటార్ మానేసిన పిల్లల్లో చాలామంది ఇలాంటి వాయిద్యం దొరికినవాళ్లే అని నా నమ్మకం. తమకి చేతకాదనుకుని వదిలేశారు పాపం.

మూడోది బ్రిడ్జి. పై చెక్కకి బంకతో అతికించిన రకమైతే దాని వెనక అంచు కింద పల్చటి కాగితం పెట్టి చూడండి. కాగితం లోపలికి దూరిందంటే బంక వదిలేస్తోంది. ఇది ముందు సరిచేయకుండా ఇంకేం చేసినా వృథా. పాత గిటార్లలో ఇంకో రకం ఉంటుంది: తీగలు బాడీ చివర రేకుకి తగిలించి ఉంటాయి, బ్రిడ్జి మాత్రం వాటి ఒత్తిడికే నిలబడుతుంది. చిన్నాన్నది అదే. దీనికి ఊడిపోయే బాధ లేదు గాని, తీగలన్నీ ఒకేసారి విప్పితే బ్రిడ్జి జరిగిపోతుంది. విప్పే ముందు దాని చుట్టూ కాగితపు టేపు అంటించి గుర్తు పెట్టుకోవాలి.

బంక మాటొచ్చింది కాబట్టి చెప్తాను. ఊడిన బ్రిడ్జికి సూపర్ గ్లూ పోయకండి. అది పలుచగా పాకి పై చెక్కలో ఇంకిపోతుంది, తర్వాత ఏ బంకా పట్టదు. మామూలు తెల్ల చెక్కబంక కుర్చీలకి బాగుంటుంది గాని, రాత్రీ పగలూ ఆగని లాగుడు కింద నెలల తరబడి మెల్లగా జారుతుంది. గిటార్‌కి వాడేది పసుపు రంగు అలిఫాటిక్ బంక. పాత బంకంతా గీకేసి, చెక్క తేలాక, క్లాంపు వేసి ఒక రోజు కదపకుండా ఉంచాలి. నేను మొదటిసారి బ్రిడ్జి ఊడిన గిటార్ పట్టుకెళ్లినప్పుడు మా వీధి వడ్రంగి తాత దాన్ని అటూ ఇటూ తిప్పి, "కర్ర ఇరగలేదు బాబూ, బంక సచ్చిపోనాదంతే. భయపడకు" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా టెన్షన్ పోయింది. ఆయన దగ్గరే క్లాంపు వేయడం నేర్చుకున్నాను.

అందరికీ పనికొచ్చే దారి: తీగలు, నట్, శాడిల్

మెడ బాగుండి, బ్రిడ్జి గట్టిగా ఉంటే మిగతా దారులన్నిటికన్నా ముందు ఇది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ, పాత శాడిల్ (బ్రిడ్జి మీద తెల్లటి పట్టీ) దాచుకుంటే వెనక్కి తిరిగి రావడం కూడా తేలిక.

తీగల దగ్గరే మొదటి ఎంపిక. దుకాణంలో 10, 11, 12 అని అడుగుతారు. ఇవి సన్న తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో. 12 నుంచి 53 వరకూ ఉండే సెట్ మామూలు శ్రుతిలో మొత్తం 73 కిలోల దాకా లాగుతుంది. ఒక పెద్ద మనిషి బ్రిడ్జికి వేలాడినట్టు లెక్క. 10 సెట్ 60 కిలోల దగ్గర ఆగుతుంది. కొత్త గిటార్‌కి 12 వేస్తే గొంతు నిండుగా ఉంటుంది, నిజమే. కానీ ముప్పై నలభై ఏళ్ల గిటార్‌కి, అందులోనూ మెడలో ట్రస్ రాడ్ (మెడ వంగకుండా లోపల ఉండే ఇనప కడ్డీ) ఉందో లేదో తెలియనిదానికి, నేను 10 తప్ప వేయను. శబ్దం కొంచెం పల్చనవుతుంది. పై చెక్క పొంగకుండా, మెడ వంగకుండా ఉండటానికి ఆ మాత్రం వదులుకోవచ్చు. ఇంకా అనుమానంగా ఉంటే మొత్తం శ్రుతిని ఒక స్వరం దించి, అంటే లావు తీగని ఇ బదులు డికి పెట్టి, రెండో ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) బిగించండి. ఒక్క స్వరం దిగితే లాగుడు ఐదో వంతు తగ్గుతుంది. కేపో ఉంది కాబట్టి పాటలు ఎప్పటి శ్రుతిలోనే వాయించుకోవచ్చు.

లోహంలో రెండు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. 80/20 బ్రాంజ్ గలగలా మోగుతుంది గాని త్వరగా మసకబారుతుంది. ఫాస్ఫర్ బ్రాంజ్ కాస్త మెత్తగా పలుకుతుంది, ఎక్కువ రోజులు ఉంటుంది. గిటార్ చెక్కకి తేమ 45 నుంచి 55 శాతం ఉంటే మంచిది, మన తీరంలో వానాకాలం 80 దాటడం మామూలు. భీమునిపట్నం, కళింగపట్నం వైపు ఉండేవాళ్లకి ఉప్పుగాలి కూడా తోడవుతుంది. అందుకే పైన పూత ఉండే తీగలు ధర ఎక్కువైనా ఇక్కడ గిట్టుబాటవుతాయి. రోజూ వాయించి ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిచేవాళ్లయితే మామూలు ఫాస్ఫర్ బ్రాంజ్ చాలు.

ఇక యాక్షన్. లెక్క చాలా తేలిక: పన్నెండో ఫ్రెట్ దగ్గర ఎంత దించాలనుకుంటే శాడిల్‌ని దానికి రెట్టింపు తగ్గించాలి. 4 మిల్లీమీటర్లని 2.5కి తేవాలంటే దించాల్సింది 1.5, కాబట్టి శాడిల్‌లో పోవాల్సింది 3. శాడిల్ బ్రిడ్జి పైకి 6 మిల్లీమీటర్లు కనబడుతుంటే హాయిగా తగ్గించొచ్చు. 4 మాత్రమే ఉంటే 3 తీసేశాక మిగిలేది ఒక్క మిల్లీమీటరు. అప్పుడు తీగ శాడిల్ మీద వంపు తిరగక శబ్దం చచ్చిపోతుంది. అలాంటి గిటార్‌కి తప్పు శాడిల్‌లో లేదు, మెడ కోణంలో ఉంది. మెడ బోల్టుతో బిగించిన రకమైతే దాన్ని విప్పి కోణం మార్చగలిగిన మేస్త్రీని వెతకాలి. బంకతో అతికించినదైతే ఆ పని ఖరీదు చాలాసార్లు గిటార్ ఖరీదుని మించిపోతుంది.

తగ్గించేటప్పుడు పై అంచు జోలికి వెళ్లొద్దు, ఆ వంపు ఫ్రెట్‌బోర్డు వంపుకి తగ్గట్టు చేసింది. కింది అంచు మీద పెన్సిల్‌తో గీత గీసి, వంటింటి గ్రానైట్ బండ మీద ఎమరీ పేపరు పరిచి, శాడిల్‌ని నిటారుగా పట్టుకుని ఒకే వైపుకి నెట్టాలి. పది నెట్లకొకసారి ఆగి చూసుకోండి. అడుగు ఏటవాలుగా అరిగితే సగం శబ్దం అక్కడే పోతుంది. ప్లాస్టిక్ శాడిల్ బదులు ఎముకది వేయడం మంచి మార్పే, స్వరం తేటగా వస్తుంది. అయినా ప్లాస్టిక్‌దే సరైన ఎత్తుకి తెచ్చి వాయించి చూశాకే కొనండి. ఎత్తు సరిచేస్తే వచ్చే తేడా ముందు ఎముక తెచ్చే తేడా చిన్నది.

చిన్నాన్న గిటార్ బ్రిడ్జికి రెండు పక్కలా చక్రాలున్నాయి. తుప్పుపట్టి బిగుసుకుపోయిన వాటికి చుక్క నూనె వేసి ఒక రాత్రి వదిలేస్తే తెల్లారి వేళ్లతోనే తిరిగాయి. ఎమరీ పేపరు అవసరం లేకుండానే 4 కాస్తా 2.6 అయింది.

నట్ అంటే మెడ పైన, తల దగ్గర తీగలు గాడుల్లో కూర్చునే పట్టీ. దాని పని ఇంకా సున్నితం. తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, మొదటి ఫ్రెట్ మీద చూడండి. అక్కడ కాగితం మందం ఖాళీ ఉండాలి. అంతకన్నా ఎక్కువుంటే నట్ గాడి లోతు చాలదు, మొదటి రెండు ఫ్రెట్లలో వేళ్లు ఎక్కువ కష్టపడేది దీనివల్లే. గాడి లోతు చేయడానికి ప్రత్యేకమైన ఆకురాళ్లు ఖరీదు. వెల్డింగు షాపులో గ్యాస్ టార్చి కొన శుభ్రం చేసే నాజిల్ క్లీనర్ సెట్ దొరుకుతుంది. వరసగా రకరకాల మందాల్లో గరుకు తీగలుంటాయి, నేను వాడేది అదే. చెయ్యి జారి గాడి లోతెక్కువైతే చిటికెడు వంటసోడా నింపి, దాని మీద ఒక్క చుక్క ఫెవిక్విక్ వేయండి. క్షణాల్లో రాయిలా గట్టిపడుతుంది, మళ్లీ గాడి చేసుకోవచ్చు.

ట్రస్ రాడ్ ఉంటే ఒకసారికి పావు చుట్టు మించి తిప్పొద్దు. కుడివైపుకి బిగిస్తే ముందుకి వంగిన మెడ తిన్నగా అవుతుంది. తిప్పాక తీగల్ని శ్రుతి చేసి, ఒక రాత్రి ఆగి, అప్పుడు కొలవండి. బిగువుగా ఉండి కదలకపోతే బలం పెట్టకండి.

కొత్త కీలు కొనే ముందు

శ్రుతి నిలవడం లేదని చాలామంది మొదట కీలు మార్చేస్తారు. నిలవకపోవడానికి కారణం సగంసార్లు నట్. కీ తిప్పుతుంటే నట్ దగ్గర టిక్కుమని చప్పుడొచ్చి స్వరం ఒక్కసారి ఎగిరిందంటే తీగ గాడిలో ఇరుక్కుంటోంది. గాడిలో మెత్తటి పెన్సిల్ ములుకు రుద్దితే చాలు. కీల మరలు బిగించి, పళ్ల మధ్య కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేసి, వారం వాయించండి. అప్పటికీ జారిపోతుంటేనే కొత్తవి.

కొనేటప్పుడు రెండు రకాల మధ్య ఎంచుకోవాలి. మూడు కీలు ఒకే పట్టీ మీద ఉండే తెరిచిన రకం పాత గిటార్ల రంధ్రాలకి సరిపోతుంది, చవక. మూసేసిన డబ్బీలాంటి విడి కీలు మెత్తగా తిరుగుతాయి, మన ఉప్పుగాలికి తట్టుకుంటాయి. కానీ వాటికి 10 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి, పాత తలల్లో సాధారణంగా అంతకన్నా చిన్నవే ఉంటాయి. తొలిచారంటే మళ్లీ పాతవి సరిగ్గా కూర్చోవు. 14:1 అనీ 18:1 అనీ డబ్బా మీద రాసుంటుంది: రోలరు (తీగ చుట్టుకునే కడ్డీ) ఒక చుట్టు తిరగడానికి కీని ఎన్నిసార్లు తిప్పాలో ఆ సంఖ్య. 18 ఉంటే సూక్ష్మంగా శ్రుతి చేసుకోవచ్చు. రంధ్రాల మధ్య దూరం కొలిచి, పాత పట్టీ వెంట తీసుకెళ్లి కొనండి. చిన్నాన్న గిటార్‌కి నూనె, పెన్సిలే సరిపోయాయి.

పికప్: ఎవరికి, ఏది

ఇంట్లో వాయించుకునేవాళ్లకి పికప్ అక్కర్లేదు, ఫోన్‌లో రికార్డు చేసుకోవడానికీ అక్కర్లేదు. చర్చిలో, పెళ్లి ఆర్కెస్ట్రాలో, కాలేజీ స్టేజి మీద వాయించేవాళ్లకి కావాలి.

అన్నిటికన్నా చవకది పిజో బిళ్ల. 27 మిల్లీమీటర్ల వెడల్పుంటుంది, టీవీలు రేడియోలు బాగుచేసేవాళ్లు పది నిమిషాల్లో వైరు, జాక్ అతికిస్తారు. బ్రిడ్జి కింద లోపలివైపు అంటించాలి. దీని ఇంపీడెన్స్ (కరెంటుకి అడ్డు) చాలా ఎక్కువ కాబట్టి నేరుగా మామూలు మైక్ ఇన్‌పుట్‌లో పెడితే గొంతు కీచుగా, రేకు మీద వాయించినట్టు వస్తుంది. అంతమాత్రాన బిళ్లని తిట్టకండి, మధ్యలో చిన్న ప్రీయాంప్ (శబ్దాన్ని ముందుగా సరిచేసి పెంచే డబ్బీ) పెడితే మనిషి మారిపోయినట్టు మారుతుంది. ఇక రెండోది సౌండ్ హోల్‌కి అడ్డంగా బిగించే మాగ్నెటిక్ పికప్. ఏ చెక్కా కోయక్కర్లేదు, స్పీకర్లో కూత పెట్టడం తక్కువ, ఒక గిటార్ నుంచి ఇంకోదానికి మార్చుకోవచ్చు. బ్రాంజ్ చుట్టిన తీగల్ని కొంచెం నెమ్మదిగా, చుట్టులేని సన్న తీగల్ని గట్టిగా వింటుంది, ఆ తేడాకి అలవాటు పడాలి. మూడోది శాడిల్ కింద పట్టీ, పక్క చెక్కకి కంత కోసి బిగించే ప్రీయాంప్, 9 వోల్టుల బ్యాటరీ.

ఈ మూడోదాన్ని పాత గిటార్‌కి నేను గట్టిగా వద్దంటాను. పక్క చెక్క ఎండి పెళుసుగా ఉంటుంది, కోసేటప్పుడు పగులు సాగుతుంది. అయిదారేళ్లకి ఆ ప్రీయాంప్ పాడైతే అదే కొలతది దొరకదు, గిటార్ పక్కన చతురస్రం కంత మిగిలిపోతుంది. ఒక చర్చి గిటార్‌కి ఇలాగే జరిగితే ఆ కంతకి పలుచని చెక్క కోసి మూయడానికి నాకు నాలుగు ఆదివారాలు పట్టింది. స్టేజికైతే సౌండ్ హోల్ పికప్. చేతిలో డబ్బు లేని కుర్రాడికి బిళ్ల, ఎప్పటికైనా ప్రీయాంప్.

గిటార్ స్వభావమే మార్చడం

నాకు బాగా ఇష్టమైన భాగం ఇది. ఎందుకంటే మామూలుగా వాయించడానికి పనికిరాదని పారేసే గిటార్లు ఇక్కడే బతుకుతాయి.

విజయనగరంలో ఉంటూ దీని గురించి ఆలోచిస్తే సంగీత కళాశాల గుర్తుకు రాకుండా ఉండదు. 1919లో మహారాజా వారు పెట్టిన ఆ కళాశాలకి ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయోలిన్ నేర్పారు, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. వయోలిన్ మన వాయిద్యం కాదు, బయటి నుంచి వచ్చింది. దాన్ని మనది చేసుకోవడానికి మన వాళ్లు చెక్క కోయలేదు, రంధ్రం పొడవలేదు. తీగల శ్రుతిని స, ప, స, పలకి మార్చారు, నేల మీద కూర్చుని తల భాగాన్ని పాదం మీద ఆనించుకున్నారు. అంతే. పాత గిటార్‌కి ఏదైనా చేయాలనుకున్నప్పుడల్లా నేను ముందు అదే వెతుకుతాను: శ్రుతి మార్చితే సరిపోతుందా, పట్టుకునే తీరు మార్చితే సరిపోతుందా అని.

యాక్షన్ ఎత్తుగా ఉండి దించే దారి లేని గిటార్‌ని స్లైడ్ గిటార్ చేయండి. నట్ మీద తొడిగే లోహపు పట్టీ దొరుకుతుంది, అది తీగల్ని ఇంకా పైకెత్తుతుంది. ఒడిలో పడుకోబెట్టి ఇనప కడ్డీతో జరుపుతూ వాయించడమే, ఫ్రెట్లు అరిగినా మెడ కాస్త వంగినా లెక్కలేదు. మన చిత్రవీణ కూడా మెట్లు లేకుండా ఇలా జరిపి వాయించేదే. జైపూర్ విశ్వమోహన్ భట్ గారు గిటార్‌ని మార్చి చేసుకున్న మోహన వీణతో 1994లో గ్రామీ అందుకున్నారు. గమకం ఈ పద్ధతిలో ఎంత హాయిగా పలుకుతుందో ఒక్కసారి జరిపి చూస్తే అర్థమవుతుంది. శ్రుతి మాత్రం చూసి ఎంచుకోండి. డి, ఎ, డి, ఎఫ్ షార్ప్, ఎ, డి శ్రుతిలో ఏ తీగా మామూలుకన్నా బిగువెక్కదు. హవాయి గిటార్ పుస్తకాల్లో కనిపించే జి, బి, డి, జి, బి, డి అయితే లావు తీగలు రెండూ పైకి లాగాలి, పాత బ్రిడ్జికి అది భారం.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు సోంపేట వైపు మా మేనత్త ఇంట్లో పైకప్పు రేకులు లేచిపోయి, వాళ్లబ్బాయి గిటార్ రాత్రంతా తడిసింది. ఎండలో పెట్టొద్దని ఫోన్‌లో చెప్పాను. తీగలు వదులు చేసి, ఫ్యాను కింద పది రోజులు నీడలో ఆరనిచ్చాక చూస్తే వెనక చెక్క పొరలు రెండు చోట్ల విడిపోయాయి, మెడ ముందుకి వంగింది. మామూలు గిటార్‌గా దాని పని అయిపోయింది. పొరల మధ్య బంక పంపి, బరువు పెట్టి అతికించి, నట్ పట్టీ తొడిగాం. ఇప్పుడు మా బావ దాన్ని ఒళ్లో పెట్టుకుని ఒక పాత బైక్ సాకెట్‌తో మోహన రాగం జరుపుతాడు. ఆ ఇంట్లో ఇంతకుముందెప్పుడూ ఎవరూ వాయిద్యం పట్టలేదు.

చేతివేళ్లకి నొప్పులున్న పెద్దవాళ్లకి, చిన్నపిల్లలకి నైలాన్ తీగలు. మొత్తం లాగుడు 40 కిలోల దగ్గరే ఉంటుంది. చివర బంతి ఉండే నైలాన్ సెట్ అడిగితే స్టీల్ గిటార్‌కి నేరుగా తగిలించొచ్చు. శబ్దం చిన్నదవుతుంది, పడకగదికి సరిపోతుంది. నట్ గాడులు లావు తీగకి తగ్గట్టు వెడల్పు చేయాల్సి రావచ్చు. దీన్ని తిరగేసి మాత్రం ఎప్పుడూ చేయకండి: నైలాన్ కోసం కట్టిన క్లాసికల్ గిటార్‌కి స్టీల్ తీగలు వేస్తే కొద్ది రోజుల్లో బ్రిడ్జి లేచిపోతుంది. మా వైపు అటకెక్కిన క్లాసికల్ గిటార్లలో ఇదే ఎక్కువగా చూశాను.

కర్ణాటక సంగీతం వాయించాలనుకునేవాళ్లు ఫ్రెట్ల మధ్య చెక్కని గుంటగా చెక్కించడం గురించి అడుగుతారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకర్రతో వీణలు చేసేవాళ్లని చూస్తే ఆ ఆలోచన ఎక్కడిదో తెలుస్తుంది. వీణ మెట్లు మైనం మీద ఎత్తుగా నిలబడతాయి, కింద ఖాళీ ఉంటుంది కాబట్టి తీగని పక్కకి లాగి గమకం పలికించొచ్చు. గిటార్‌లో వేలు కింద చెక్కకి తగిలి ఆగుతుంది. జాజ్‌ని మన సంగీతంతో కలిపిన శక్తి బృందంలో ఇంగ్లండు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ వాయించిన గిటార్‌కి అలా చెక్కిన ఫ్రెట్‌బోర్డే ఉండేది. కానీ ఒక తేడా మరవకండి. వీణ మేళం, అంటే మెట్ల అమరిక, చెడితే మైనం కరిగించి మళ్లీ కట్టుకోవచ్చు, గిటార్‌లో చెక్కేసిన చెక్క తిరిగి రాదు. చవక గిటార్ల ఫ్రెట్‌బోర్డు పల్చన, చాలావాటికి నల్లరంగు పూసిన మామూలు చెక్క. చెక్కితే మెడ బలహీనమై వంగుతుంది. ముందు 10 తీగలు వేసి, ఒక స్వరం దించి ఆరు నెలలు లాగి సాధన చేయండి. అప్పటికీ చాలదనిపిస్తే అరిగిన ఫ్రెట్లు తీసి ఎత్తయిన ఫ్రెట్లు వేయించడం మేలు. చెక్క పోదు, వేలికి ఖాళీ దొరుకుతుంది.

రంగు, పాలిష్

చివరకి పెట్టుకోండి. మందంగా పెయింటు వేస్తే పై చెక్క కదలిక తగ్గి గొంతు మూగబోతుంది. పాతది గీకేటప్పుడు ఎమరీ పేపరు కాస్త ఎక్కువ తిరిగితే పైపొర పోయి ప్లైవుడ్ బయటపడుతుంది. గట్టిగా పిండిన తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డ పట్టడం చాలావాటికి చాలు. నిజంగా చెక్క బోసిపోయి ఉంటే లక్క పాలిష్ చేసే మేస్త్రీ చేత పలుచగా వేయించండి, స్ప్రే పెయింటు మాత్రం వద్దు.

వదిలేయాల్సినప్పుడు

మెడ మెలితిరిగినా, తల విరిగి ఇదివరకే ఎవరో అతికించి ఉన్నా, లోపలి అడ్డపట్టీలు ఊడి పై చెక్క కుంగినా, నేర్చుకోబోయే పిల్లలకి ఆ గిటార్ ఇవ్వకండి. అయిదు నుంచి పదివేలలో వచ్చే కొత్త గిటార్ వాళ్లకి నయం. బాగుచేయించే ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటుతుంటే నేను ఆగిపొమ్మంటాను. ఇంట్లో పెద్దవాళ్ల చేతిలో మోగినదైతే ఈ లెక్క వేయను. ఎంత ఖర్చు పెట్టాలన్నది మీ మనసుకి తెలుసు.

చిన్నాన్న గిటార్‌కి చివరికి అయింది ఇంతే: ఒక 10 సెట్ తీగలు, నాలుగు నూనె చుక్కలు, నట్‌లో రెండు గాడుల పని. శ్రుతి డికి దించి ఉంచాను. పది రోజుల తర్వాత మళ్లీ కొలిచాను. ఆ వ్యవధిలో అర మిల్లీమీటరు పెరిగితే మెడో, పై చెక్కో కదులుతోందని అర్థం, వెంటనే తీగలు వదులు చేసి కారణం వెతకాలి. పెరగలేదు. కొలతలు ఒక కాగితం మీద రాసి సంచి జేబులో పెట్టాను: "పన్నెండో ఫ్రెట్, లావు తీగ 2.6, సన్న తీగ 2.0, 10 సెట్, డి శ్రుతి." తర్వాత ఎవరు పట్టుకున్నా వాళ్లు మొదట చూడాల్సింది అదే. చిన్నాన్న అది చదివి, కిందనే తన చేత్తో కలకత్తాలో కొన్న సంవత్సరం రాశాడు.